నడిమి గ్లాసు

"ఎవరు చెప్పారో తేలందే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అంది అత్తగారు.

పొయ్యి అప్పటికే వెలుగుతోంది. దాని మీద పాలు పొంగడానికి తయారుగా ఉన్నాయి. ఆ సంగతి ఇప్పుడు గుర్తుచేస్తే ఏమవుతుందో కోడలికి తెలుసు. వెళ్ళి మంట తగ్గించి వచ్చింది.

ఉత్తరం బల్ల మీద, ఉప్పు డబ్బా కింద ఉంది. నిన్న సాయంత్రం వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో నలుగురూ కలిసి దాన్ని ఏడుసార్లు చదివారు. ఎన్నిసార్లు చదివినా అందులో అక్షరం మారలేదు.

"మాకు అందిన సమాచారం ప్రకారం మీ కుటుంబ నెలసరి ఆదాయం తొంభై వేలు. దరఖాస్తులో మీరు చూపినది నలభై అయిదు వేలు. శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వని పక్షంలో ఏడో అంతస్తులోని ఇంటి కేటాయింపు రద్దు చేయబడి, జాబితాలో తర్వాతి వారికి ఇవ్వబడుతుంది."

ఏడో అంతస్తు. పోయిన నెల లాటరీలో తమ నంబరు పిలిచినప్పుడు కోడలు చప్పట్లు కొట్టడం మరిచిపోయి పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం చరిచింది. ఆ ఇంట్లో రెండు గదులు, రెండు కుర్చీలు పట్టే బాల్కనీ, గోడకి రెండు వైపులా నీళ్ళ కుళాయిలు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మూసుకునే తలుపు ఉంది.

ఇక్కడ కొత్త దంపతుల గది తలుపు మూసుకోదు. అత్తగారి కుట్టుమిషను బల్ల గుమ్మానికి అడ్డం. గది నిండా పరదాల గుడ్డలు. పెళ్ళయి నాలుగు నెలలైనా మొగుడూ పెళ్ళాం ఒక్కసారి కూడా గొంతెత్తి పోట్లాడుకోలేదు. ప్రేమ ఎక్కువై కాదు, తలుపు లేక. 'ఏడో అంతస్తుకెళ్ళాక మొట్టమొదట తలుపేసుకుని ఒక పెద్ద పోట్లాట పెట్టుకుందాం' అని ఇద్దరూ గుసగుసగా ఒప్పందం కూడా చేసుకున్నారు.

"అందిన సమాచారం అంటే ఏమిటి? ఎవరో అందించారనేగా!" అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేశారు. నాకు తెలుసు ఎవరో."

"ఎవరమ్మా?" అన్నాడు కొడుకు, బూటు లేసు ముడేసుకుంటూ. అతను లిఫ్టు మెకానిక్కు. వీధిలో అతణ్ణి పేరుతో పిలిచేవాళ్ళు లేరు, 'లిఫ్టూ' అనే పిలుస్తారు.

"కింద వాటా కరెంటు మీటరాయన. మనం పోతే ఆ ఇల్లు ఎవరిది? జాబితాలో తర్వాతి పేరు వాళ్ళది. నిన్న మెట్ల దగ్గర నన్ను చూసి నవ్వాడు. ఎన్నడైనా నవ్వాడా ఆ మనిషి?"

"నవ్వకపోతే పొగరంటావు."

"నువ్వు నోర్ముయ్యరా."

మామగారు పేపరు మడిచి మళ్ళీ విప్పాడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. బస్సులు వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రాసుకోవడం తప్ప ఎవరు ఎందుకు ఆలస్యమయ్యారని అడగడం ఆయనకి అలవాటు లేదు.

అత్తగారి చూపు మెల్లగా కోడలి వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఫారం నింపింది నువ్వేగా?"

"నేనే అత్తయ్యా."

"కింద సంతకం కూడా నీదేగా?"

"చదువుకున్నదానివి నువ్వే పెట్టమని మీరే అన్నారు కదా."

"అన్నాన్లే. మరి ఇంటి లెక్కలు గుమ్మం ఎలా దాటాయి? మీ నాన్నగారితో రోజూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడతావు. ఆయన అల్లుడి గురించి నలుగురిలో గొప్పలు చెప్పే మనిషి. మా అల్లుడికి అంతొస్తుంది, ఇంతొస్తుంది అని ఎక్కడో అని ఉంటాడు."

కోడలు బల్ల మీది ఉత్తరం ముందుకి లాగింది. "మా నాన్న తొంభై అని ఎందుకంటారత్తయ్యా?"

"నాకేం తెలుసు? నువ్వే చెప్పాలి."

పాల గిన్నె మీద మూత సన్నగా టకటకలాడింది.

నిజమే, తొంభై అని ఎందుకు? కోడలు రాత్రంతా అదే ఆలోచించింది. ఎవరైనా కక్షతో అబద్ధం చెప్పాలనుకుంటే లక్ష అంటారు, యాభై అంటారు. తొంభై అన్నది నోటికొచ్చి అన్న అంకె కాదు. ఎవరో కూడిన అంకె. ఒకదాని కింద ఒకటి రాసి, గీత గీసి, కూడితే వచ్చిన అంకె.

మొగుడి వైపు చూసింది. అతను నడుముకి తాళాల గుత్తి తగిలించుకుంటున్నాడు. లిఫ్టు తలుపులు తెరిచే తాళాలు మూడు మూలలవి. పెళ్ళైన కొత్తలో వాటిని వేళ్ళ మధ్య తిప్పుతూ ఆడుకునేది. గుత్తిలో ఒక్కటి మాత్రం మామూలు ఇంటి తాళం చెవి, తల చుట్టూ పసుప్పచ్చ టేపు. 'ఇది ఏ రాజ్యానిది?' అని ఒకసారి అడిగితే 'ఏదో మెషిన్ రూముది' అని గుత్తి జేబులో వేసుకున్నాడు. ఆదివారాలు రెండు గంటలు 'కంప్లైంటు' అని వెళతాడు. పనిముట్ల సంచీ గోడకే వేలాడుతూ ఉంటుంది.

ఇన్నాళ్ళూ ఆ రెంటినీ కలిపి చూడలేదు. ఇవాళ వద్దన్నా కలిసే వస్తున్నాయి.

"అమ్మా," అన్నాడు మామగారు ఉన్నట్టుండి కోడలితో. "ఈ మధ్యస్థ ఆదాయం అని రాశారు కదా కింద చిన్నక్షరాల్లో. అదేమిటి?"

మామగారు ప్రశ్న అడగడమే ఒక వింత. కోడలు హుషారుగా లేచి గూట్లోంచి గ్లాసులన్నీ తెచ్చింది. ఏడు గ్లాసులు, ఏడూ ఏడు పొడవులు. ఒక సెట్టు కొని ఎరగని ఇల్లు మరి. పొట్టి దాన్నుంచి పొడుగు దాని దాకా బల్ల మీద వరసగా పేర్చింది.

"ఈ చుట్టుపక్కల ఇళ్ళన్నిటినీ సంపాదనని బట్టి ఇలా నిలబెడతారు మామయ్యా. అటు నుంచి మూడు, ఇటు నుంచి మూడు వదిలేస్తే మధ్యలో మిగిలేది ఇది. ఈ నడిమి గ్లాసుకి ఎంతుందో చూస్తారు. ఇప్పుడది అరవై వేలు. అందులో పదికి ఎనిమిది పాళ్ళు గీత. అంటే నలభై ఎనిమిది. ఆ గీత దాటని వాళ్ళకే ఈ ఇళ్ళు. మన నలుగురిదీ కలిపి నలభై అయిదు కదా, గీతకి ఇవతలే ఉన్నాం."

"మరి అద్దె?"

"అదీ ఆ గీత నుంచే. గీతలో నాలుగో వంతు. పన్నెండు వేలు."

మామగారు నడిమి గ్లాసుని వేలితో తట్టాడు. "అంటే ఇల్లు మనకి అందుబాటులో ఉందో లేదో మన జేబు చూసి చెప్పరన్నమాట. వీధి జేబు చూసి చెప్తారు."

"అంతే మామయ్యా!"

"వీధి వాళ్ళ జేబులో ఎంతుందో వాళ్ళకెలా తెలుస్తుంది?" అంది అత్తగారు.

"సర్వే చేస్తారత్తయ్యా. ఇంటింటికీ వచ్చి అడుగుతారు. ఎవరేం చెబితే అది రాసుకుంటారు."

అత్తగారు చెయ్యి చాపి వరసలోంచి ఒక గ్లాసు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి కడగసాగింది. అది కడిగిన గ్లాసే. తళతళలాడుతోంది.

"నేను వెళ్తాను ఆఫీసుకి" అంది వెనక్కి తిరక్కుండా. "ఇవాళే. ఒక్కదాన్నే."

"ఫారం మీద సంతకం నాది అత్తయ్యా. నేనూ వస్తాను."

"నీకు దుకాణం లేదూ?"

"సెలవు చెప్తాను."

"అక్కర్లేదన్నానా!"

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మనిషికి ఒకటి తెలుసు. ఎదుటివాళ్ళు 'కనిపిస్తోంది, కనిపిస్తోంది' అని తొందరపడుతున్నారంటే, కింది వరస అక్షరాలు కనిపించడం లేదన్నమాటే. కోడలు మాట పెంచకుండా వెళ్ళి చెప్పులు వేసుకుంది.

గుమ్మం పక్క గోడకి అయిదు కొక్కేలు. మామగారి టోపీ, అత్తగారి సంచీ, మొగుడి పనిముట్లు, తర్వాతది ఖాళీ, చివరి దానికి కోడలి గొడుగు. వచ్చిన మొదటి వారం గొడుగుని ఆ ఖాళీ దానికే తగిలించింది. సాయంత్రానికి అది అయిదో దానికి మారి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. నాలుగోది వదులుగా ఉందేమోనని ఒకసారి లాగి చూసింది. గోడని పట్టుకుని గట్టిగానే ఉంది.

మెట్ల మీద మొగుడు చెవి దగ్గరికి వంగాడు. "అద్దాలూ, అమ్మని కాస్త చూసుకో. కోపంలో ఉంది."

"నీ ఆఫీసు నుంచి జీతం కాగితం తెమ్మంటే?" ఇద్దరే ఉన్నప్పుడు 'నువ్వు' అంటుంది, పెద్దవాళ్ళ ముందు 'మీరు'. ఆ మార్పు ఆమెకి రోజూ ఒక చిన్న దొంగతనంలా మజాగా ఉంటుంది.

"తెస్తాలే" అని నీళ్ళు నమిలాడు. "జీతం వరకేగా?"

ఆ 'వరకే' ఆమె చెప్పులో రాయిలా ఆఫీసు దాకా వచ్చింది.

* * *

టోకెన్ నంబరు యాభై ఎనిమిది. నేలకి బిగించిన ఇనప కుర్చీలు. అత్తాకోడళ్ళు మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. గంటన్నర సేపు ఆ కుర్చీలోనే ఇద్దరి మాటలూ కూర్చున్నాయి.

మూడో కౌంటరులో ఉన్నావిడ కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదు. ప్రతి కాగితానికీ ఒకసారి వేలితో పైకి తోసుకుంటోంది.

"మా మీద ఎవరు ఉత్తరం రాశారో మాకు చెప్పాలి" అంది అత్తగారు కిటికీ ముందు నిలబడుతూనే. "కింద వాటా వాళ్ళేనా?"

కౌంటరావిడ ఫైలు తీసింది. "ఎవరూ రాయలేదమ్మా. మీరే చెప్పారు."

"మేమా?"

"పోయినేడు సర్వేలో. ఇళ్ళు ఇచ్చే ముందు దరఖాస్తుల్నీ, సర్వే కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తాం." ఒక కాగితం తిప్పి కిటికీ కిందనుంచి ఇవతలికి తోసింది.

అత్తగారి చేతిసంచీ ఆ కాగితం మీద ధబ్బున కూర్చుంది.

"పాత కాగితాలు ఇప్పుడెందుకండీ?"

సంచీని లాగమని అడగడం కోడలి వల్ల కాదు. కాసేపు ముగ్గురూ ఆ సంచీనే చూశారు. అప్పుడే కౌంటరావిడ కళ్ళజోడు ఈసారి ఏకంగా జారి బల్ల మీద పడింది. ఒక కాడ ఊడి వేలాడింది.

"ఇలా ఇవ్వండి" అంది కోడలు. ఆమె సంచీలో అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. మొగుడిది మోచేతంత. 'మన ఇంట్లో ఇద్దరివీ స్క్రూడ్రైవరు బతుకులే' అని నవ్వుకుంటారు. మర ఎక్కడ పడిందో వెతికి, బిగించి, ముక్కు దగ్గర కాస్త వంచి, తన రుమాలుతో అద్దాలు తుడిచి ఇచ్చింది.

పెట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూసుకుంది కౌంటరావిడ. జారలేదు. ఆవిడ మొహం చూస్తే కోడలికి ఇంత కష్టంలోనూ పట్టలేని సంతోషం వేసింది.

"ఆర్నెల్లయింది తల్లీ ఇది సరిగ్గా నిలిచి" అని, అత్తగారి సంచీని మర్యాదగా ఎత్తి పక్కన పెట్టింది. "చూడు. నువ్వే చదువుకో."

నీలం సిరాతో నింపిన ఫారం. కొడుకు జీతం నలభై అయిదు. పరదాల కుట్టుపని ఇరవై. పింఛను పది. ఇతర ఆదాయం పదిహేను. కింద గీత. తొంభై. చెప్పినవారు అన్నచోట అత్తగారి సంతకం. పైన తారీఖు.

ఆ తారీఖు కోడలికి ఎవరూ చెప్పక్కర్లేదు. సంబంధం చూడటానికి అమ్మానాన్నలతో కలిసి ఆ ఇంటికి మొట్టమొదట వచ్చిన రోజు.

అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. రెండు పరదాల గుట్టల మధ్య కుర్చీలో తను. తలుపు దగ్గర నీలం సంచీ భుజానికి వేసుకున్న ఒకావిడ. అత్తగారు వరండాలోకి వెళ్ళింది గానీ గొంతు మాత్రం గదిలోనే ఉండిపోయింది. 'మా అబ్బాయికా? నలభై అయిదు వేసుకోండి.' నాన్న చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. అమ్మ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు మెట్లెక్కి వచ్చాడు, మోచేతి మీద గ్రీజు మరకతో. ఆ మరక ఉందని అతనికి తెలియదు. ఆ మరకని చూస్తూ ఆమె అంకెలేవీ చెవిన వేసుకోలేదు.

నాన్న వేసుకున్నాడు.

"మీ ఒక్క ఇల్లే కాదులే" అంది కౌంటరావిడ గొంతు తగ్గించి. "పేర్లు చెప్పకూడదు. ఆ మేడలో మీ తర్వాత అడిగిన ఇల్లు మీకంటే అయిదు ఎక్కువ చెప్పింది. ఆ తర్వాతది ఇంకో అయిదు. మా మనిషి మెట్లు దిగుతున్నకొద్దీ లెక్క పైకెక్కింది. మీ గొంతు మెట్ల దాకా వినపడిందట. ప్రతి వీధిలోనూ ఒకరు ఇలా గట్టిగా చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు."

"దానివల్ల ఏమవుతుంది?" అంది అత్తగారు. ఇప్పుడు గొంతు లేదు ఆవిడకి.

"ఆ సర్వేనే ఇప్పుడు అమల్లోకి వచ్చింది. నిన్ననే బోర్డులో పెట్టాం. నడిమి ఆదాయం అరవై కాదు, డెబ్బై అయిదు. గీత అరవై. అద్దె పదిహేను."

"పన్నెండు కాదా?" అంది కోడలు.

"పదిహేను."

"అంత సంపాదన మా వీధిలో ఎవరికుందండీ?"

"నడిమి మనిషికి ఉంది."

"ఎవరాయన?"

కౌంటరావిడ నవ్వు ఆపుకుంది. "కాగితాల ప్రకారం మీ మెట్ల మీదే ఎక్కడో ఉండాలి."

తప్పు దిద్దుకోవడానికి దారి ఉందని చెప్పింది. సర్వేలో చెప్పింది నిజం కాదని, చెప్పిన మనిషే రాసి సంతకం పెట్టాలి. కొడుకు జీతం కాగితం జతచెయ్యాలి. ఇతర ఆదాయానికి కూడా విడిగా రాసివ్వాలి. "ఆ పదిహేను చెప్పిందెవరు?"

"అదీ నేనే" అంది అత్తగారు రెప్ప వెయ్యకుండా.

కోడలు కాగితం కేసి మరోసారి చూసింది. పదిహేను పక్కన ఒక పొట్టి సంతకం ఉంది. చివరక్షరానికి లాగిన పొడుగు తోక. ఆ తోకని ఆమె పెళ్ళి కాగితం మీద చూసింది. పుట్టినరోజుకి తలగడ కింద పెట్టిన చీటీ మీద చూసి పదిసార్లు ముద్దు పెట్టుకుంది.

కాగితాన్ని తిరిగి కిటికీ లోపలికి తోసేసింది.

* * *

తిరిగి వస్తుంటే అత్తగారు వీధి మలుపులో ఆగిపోయింది. మందుల షాపు అరుగు మీద కూర్చుంది.

"తిట్టాలనుంటే ఇక్కడే తిట్టు. ఇంట్లో వద్దు."

"తిట్టనత్తయ్యా."

"అప్పుడు వాడి జీతం ఇరవై ఎనిమిది, నా కుట్టుపనీ పింఛనూ కలిపినా పది దాటవు. మీ నాన్నగారు ఎదురుగా కూర్చున్నారు, అల్మారా తలుపు సరిగ్గా పడుతుందో లేదో చూస్తున్నారు. కుర్చీలో నువ్వు. పరదా గుడ్డల్లో గులాబీ రంగుది తీసుకుని ఒళ్ళో పెట్టుకుని మెత్తగా ఉందో లేదో చూస్తున్నావు. నువ్వు నాకు నచ్చావే. ఇరవై ఎనిమిది అని ఎలా చెప్పను?"

నాలుగు నెలల్లో నచ్చావన్న మాట అత్తగారి నోట వినడం ఇదే మొదలు. కోపం తెచ్చుకోవాల్సిన చోట కోడలికి లోపల ఏదో గంతేసింది. ఆ గంతుకి తన మీద తనకే చిరాకు వేసింది. పొద్దున తన నాన్నని గొప్పలు చెప్పే మనిషి అన్నది ఈవిడే కదా.

"మరి పదిహేను?"

అత్తగారు ఎదురుగా ఆగిన బస్సు వైపు చూసింది.

"చూశావన్నమాట. వాడిదే. ఇంకేమైనా రాబడి ఉందా అని ఆవిడ అడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు. వీడు వెనక నుంచొచ్చి, 'పదిహేను' అన్నాడు. సంతకం కూడా పెట్టాడు. అమ్మ మాట పోకూడదని అబద్ధం ఆడాడే నా కొడుకు! వాడికి అబద్ధం రాదు. ఎనిమిదో తరగతిలో మార్కుల కాగితం కూడా దాచలేకపోయాడు. అలాంటివాడు నాకోసం ఆడాడు. ఏడాదిగా ఆ ఒక్క మాట తలుచుకుని మురిసిపోతున్నాను."

వాడికి అబద్ధం రాదు.

ఆ మాట దగ్గరే కోడలి ఆలోచన ఆగింది. అత్తగారు లేచి నాలుగు అడుగులు ముందుకి వెళ్ళి, "ఏం, రావూ?" అనేదాకా కదల్లేదు.

* * *

సాయంత్రం అయిదింటికి కొడుకు వచ్చాడు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. పొద్దున పేర్చిన గ్లాసులు ఎవరూ తియ్యలేదు. కడిగిన గ్లాసు మాత్రం సింకు పక్కన బోర్లించి ఉంది. వరసలో దాని చోటు ఖాళీ.

అత్తగారు మిషను దగ్గర కూర్చుని తెల్ల కాగితం మీద రాస్తోంది. ఎనిమిది వరసలు రాసి ఆరు కొట్టేసింది.

"రారా. నీ పేరు మీద కూడా ఒకటి రాస్తున్నాను. పెంచి చెప్పిన అంకెలు నా అబద్ధం, పదిహేను నీ అబద్ధం. ఇద్దరం సంతకాలు పెట్టి పారేద్దాం. సిగ్గుపడాల్సిన పనేం లేదు, కౌంటరావిడ మంచిదే. మన అమ్మాయి ఆవిడ కళ్ళజోడు బాగుచేసింది."

'మన అమ్మాయి' అనడం కోడలు విన్నది. సంతోషించడానికి తీరిక లేదు. ఆమె మొగుడి మొహాన్నే చూస్తోంది.

అతను కాగితం తీసుకోలేదు. బూట్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. ఒకటి కాస్త వంకరగా ఉంటే సరిచేశాడు.

"పెట్టరా సంతకం."

"అమ్మా..."

"ఏం?"

"నాది అబద్ధం కాదమ్మా."

మామగారి పేపరు చప్పుడు ఆగింది.

"ఏమన్నావ్?"

"ఆవిడ అడిగింది, ఉన్నది చెప్పాను. అప్పట్నుంచే నెలకి పదిహేను వస్తోంది. కంపెనీ పని కాదు. రెండు మేడల లిఫ్టులు చూస్తున్నా, పని దిగాక."

అత్తగారి చేతిలో పెన్ను కాగితం మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్క మీదే నిలిచిపోయింది.

కోడలి బుర్ర ఆమె ఆపినా ఆగకుండా లెక్క వేసింది. నలభై అయిదూ పదిహేనూ అరవై. కొత్త గీత అరవై. సరిగ్గా గీత మీద నిలబడతారు. ఇల్లు దక్కవచ్చు. కానీ ఫారం చివర్లో ఒక వాక్యం ఉంది. 'పైన రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను.' దాని కింద ఉన్నది అతని తోక సంతకం కాదు. తన గుండ్రటి అక్షరాలు. రాసేటప్పుడు అతను పక్కనే కూర్చుని, భుజం మీద గడ్డం ఆనించి చూశాడు. ఇతర ఆదాయం అన్నచోట ఆమె 'లేదు' అని రాస్తుంటే చూస్తూనే ఉన్నాడు.

"నేను 'లేదు' అని రాస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు" అంది.

గదిలో ఆ 'నువ్వు' గ్లాసు పగిలినట్టు వినపడింది. పెద్దవాళ్ళ ముందు అలా అనడం అదే మొదటిసారి. అత్తగారు తలెత్తి చూసింది గానీ దిద్దలేదు.

"ఉన్నాను" అన్నాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికి రాని డబ్బుని ఇంటి ఆదాయంలో ఎలా రాయిస్తాను?"

"ఇంటికి రాదా? మరి ఎక్కడికెళ్తోంది?"

అతను ఆమె వైపు చూడలేదు, తల్లి వైపూ చూడలేదు. తండ్రి వైపు చూశాడు.

మామగారు పేపరుని నాలుగు మడతలు పెట్టి, మోకాలి మీద ఉంచి, అరచేత్తో చదును చేశాడు. "చెప్పరా" అన్నాడు. "నాకిచ్చిన మాట సంగతి నేను చూసుకుంటాను. ఇంక ఆ పిల్లని దొంగని చెయ్యకు."

తండ్రికిచ్చిన మాట. అంటే మామగారికి తెలుసు. పొద్దున గ్లాసు తట్టి ఏమీ తెలియనట్టు ప్రశ్నలు అడిగిన మామగారికి అంతా తెలుసు. ఈ ఇంట్లో నలుగురున్నారనుకుంటే ఇద్దరు ఒక వైపు, మిగిలిన ఇద్దరు చీకట్లో. అత్తాకోడళ్ళు జీవితంలో మొదటిసారి ఒకే వైపు ఉన్నారు, అదీ తెలియని వైపు.

అతను గుత్తి తీశాడు. మూడు మూలల తాళాల మధ్య నుంచి పసుప్పచ్చ టేపు ఉన్న తాళం చెవిని గోటితో విడదీశాడు. చాలాసేపు పట్టింది. కోడలు చెయ్యి సగం చాపింది.

తాళం చెవిని ఆమె ముందు పెట్టలేదు. తల్లి ముందు పెట్టాడు, మిషను మీద, కొట్టేసిన వరసల పక్కన.

అత్తగారు దాన్ని ముట్టుకోలేదు. ఎక్కడిదని అడగలేదు. దాని వైపు చూడను కూడా లేదు. ఆవిడ చూపు తిన్నగా గుమ్మం పక్క గోడకి వెళ్ళి ఆగింది. టోపీ, సంచీ, పనిముట్లు, ఖాళీ, గొడుగు.

ఆ చూపులో కోడలికి ఒక మనిషి కనపడింది. మొహం లేదు, పేరు లేదు. ఒక్క కొక్కెం మాత్రం ఉంది.

"నీ చెల్లెలి అద్దెకేనా?" అంది అత్తగారు.

కొడుకు తలూపాడు.

కిందనుంచి మీటరాయన మెట్లెక్కుతున్న చప్పుడు. ఆ చప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఆగి, మళ్ళీ కిందికి వెళ్ళిపోయింది.

"అమ్మాయ్" అంది అత్తగారు, గోడ మీంచి కళ్ళు తిప్పకుండానే. "ఫారంలో మనం ఎంతమందిమని రాశావ్?"

"నలుగురమని అత్తయ్యా."

"ఎవరు చెప్పారు నీకు నలుగురమని?"

"మీరే."

అత్తగారు రాస్తున్న కాగితాన్ని ఉండ చుట్టింది. కొత్త కాగితం తీసి బల్ల మీద పరిచి, పెన్ను కోడలి చేతిలో పెట్టింది.

"అయితే నా అబద్ధాలు రెండు. అయిదుగురమని రాయి."